మీట దగ్గర ముసలమ్మ

"నా పిల్ల మీద చెయ్యి వెయ్యకు" అంది వియోరికా.

ఇలింకా జుట్టులో చిక్కుకున్న ఉప్పు పెళ్ళలు ఏరుతున్న ముసలమ్మ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది.

మరమురేష్ కొండల్లో ఎప్పుడో మూతపడ్డ ఉప్పుగని అది. పోయిన వారం లోపల ఒక గోడ కూలి, పాత చెక్క జారుడుబల్ల ఒకటి బయటపడింది. దాని అడుగున ఎక్కడో నీలం వెలుగు. కొలతలు తీసే పనిమీద కోస్టిన్ భార్య వియోరికాతో, ఇద్దరు కూతుళ్ళతో సహా వచ్చాడు.

అందరికంటే ముందు తనే చూడాలని అతని పెద్దకూతురు స్మరాండ ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా జారిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. పైనుంచి ఎంత పిలిచినా పలకలేదు.

కొండచరియలు పడి, పట్నం నుంచి రావలసిన మనుషులు దారిలో చిక్కుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం దాకా చూసి, ఇక ఉండబట్టలేక తల్లీ తండ్రీ జారారు. తొమ్మిదేళ్ళ చిన్నకూతురు ఇలింకా, తల్లి నడుం వదలకుండా వాళ్ళతోనే జారింది.

కింద వేరే లోకం. ఉప్పు గోడలే వెలుగుతున్నాయి. మధ్యలో పెద్ద చెరువు, అందులో కళ్ళులేని చేపలు. గట్టంతా మోకాలెత్తు పుట్టగొడుగులు.

కోస్టిన్ చేతి గడియారం ప్రకారం రెండు రోజులు వెతికారు. పిల్ల దొరకలేదు. దొరికింది ఈ ముసలమ్మే.

తెల్లటి జుట్టు, చేపతోలు బట్టలు, ఈడ్చే ఎడమకాలు. వాళ్ళని చూడగానే ఆమె నేలమీద కూలబడింది. ఎవరో తప్పిపోయిన గని కూలి, మతి చలించినట్టుంది అనుకున్నాడు కోస్టిన్.

"ఎందుకలా మింగేసేట్టు చూస్తావు?" అని విసుక్కుంది వియోరికా.

"ఇంత చిన్నవాళ్ళని అనుకోలేదమ్మా."

కోస్టిన్ తన కూతురు గురించి అడిగాడు. ఎక్కడైనా దాచావా అని గద్దించాడు కూడా. ముసలమ్మ తల వంచుకుంది. చూశానంది. పొద్దున్నే పైకి పంపేశానంది.

ఎలా అని అడిగితే, కుంటుకుంటూ వాళ్ళని ఒక మూలకి తీసుకెళ్ళింది. అక్కడ గొలుసుకి వేలాడే చెక్కపెట్టె ఉంది. గొలుసు రెండో కొసకి పెద్ద బండరాయి కట్టి ఉంది. ఇరవై అడుగుల అవతల ఇనుప మీట.

"కింద ఒకరు మీట పట్టుకుని నిలబడితేనే పెట్టె లేస్తుంది. ఒక్కరే ఉంటే లేవదు" అంది.

చెరువు ఏటేటా పెరుగుతోందనీ, మొన్న కొత్త ఊట పడిందనీ, రెండు రోజుల్లో ఈ మెట్ట కూడా మునుగుతుందనీ చెప్పి తొందరపెట్టింది.

ఇలింకాకి ఆమె మీద జాలేసింది. తల్లి మూటలోంచి చిన్న మమలిగ ముక్క తీసి ఇచ్చింది. ముసలమ్మ ఆ మొక్కజొన్న ముద్దని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎంతోసేపటికి గానీ కొరకలేదు.

"ఉప్పు తక్కువైంది" అంది చివరికి.

ఉప్పుగనిలో ఆ మాటకి ఇలింకా పకపకా నవ్వింది. ముసలమ్మ కూడా నవ్వబోయి, మొహం అటు తిప్పుకుంది.

ముగ్గురూ పెట్టె ఎక్కారు.

"మరి నువ్వెలా వస్తావు మామ్మా?" అని అడిగింది ఇలింకా.

"నాకిక్కడ అలవాటే తల్లీ. పైన ఎండకి నా కళ్ళు ఆగవు."

మనుషుల్ని తీసుకుని మళ్ళీ వస్తానన్నాడు కోస్టిన్.

"అలాగే నాన్నా. గొలుసు మీంచి చెయ్యి తియ్యి, నలుగుతుంది."

ముసలమ్మ మీట దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది. వియోరికా పైకే చూస్తోంది. ఆమె ప్రాణమంతా స్మరాండ మీదే ఉంది.

"అమ్మా" అని పిలిచింది ముసలమ్మ.

వియోరికా తల తిప్పింది.

"ఏం లేదు. చిన్నదాన్ని గట్టిగా పట్టుకో."

పెట్టె లేచింది.

పైన కాపలాదారు గావ్రిలా సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. వాళ్ళని చూసి నోరు తెరిచాడు. వాళ్ళు జారాకే పుల్ల గీశాననీ, పట్టుమని పది సెకన్లు కూడా కాలేదనీ అన్నాడు. పుల్ల అతని వేళ్ళ మధ్య ఇంకా మండుతోంది.

"స్మరాండ ఏదీ?" అంది వియోరికా.

ఎవరూ రాలేదన్నాడు గావ్రిలా.

కోస్టిన్ వెనక్కి పరిగెత్తాడు. అప్పటికే పెట్టె వచ్చిన గుంటలోంచి నీళ్ళు బుసబుసా పొంగుతున్నాయి. చూస్తుండగానే అంచుదాకా వచ్చి, కదలకుండా నిలిచిపోయాయి. జారుడుబల్ల నోట్లోనూ నీళ్ళే.

ఇలింకా తండ్రి గడియారాన్ని పట్టి చూసింది. అందులో తారీకు, గావ్రిలా వెనక గోడమీది క్యాలెండరులో ఉన్నదానికంటే రెండు రోజులు ముందుంది.

"ఇక్కడ పది సెకన్లయితే అక్కడ రెండు రోజులా నాన్నా?"



ఇలింకా నేలమీద ఉప్పు పొడిలో వేలితో అంకెలు వేసింది. లెక్క పెద్దది. రెండుసార్లు చెరిపి మళ్ళీ వేసింది.

"అక్క వెళ్ళి ఒక రోజయింది కదా" అంది మెల్లగా. "అక్కడ నలభై ఏడేళ్ళయ్యాయి."

వియోరికా నీళ్ళ అంచుకి పరిగెత్తి రెండు చేతులూ లోపలికి ముంచింది.

మీట పట్టే మనిషి లేక నలభై ఏడేళ్ళు కిందే ఉండిపోయిన స్మరాండ, తీరా అమ్మా నాన్నా వచ్చిన రోజున, తనెవరో చెప్పకుండా తనే ఆ మీట పట్టుకుని నిలబడింది.