నలభై కట్టలు

పదకొండు కాగానే ఆమె మిషను ఆపి లేచింది.

పక్క మిషను మీద కుడుతున్న ‘నత్త’ ఓసారి చూసి, మళ్ళీ తల వంచుకుంది.

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే లైను అది. నత్త తల నెరిసిన మనిషి, మాట తక్కువ. రోజూ లెక్కలో అందరికన్నా అడుగున ఉంటుందని లైనంతా కలిసి పెట్టిన పేరు.

గేటు పక్క గదిలో అత్తగారు మూడు నెలల మనవణ్ణి ఎత్తుకుని ఎదురుచూస్తోంది.

“నీ పాలు చాలట్లేదేమోనే. డబ్బా పాలు పట్టేస్తే నాకీ నడక, నీకీ పరుగు తప్పుతాయిగా?”

“ఆర్నెల్ల దాకా చుక్క నీళ్ళు కూడా వద్దని నర్సమ్మ మీ ముందే చెప్పింది కదత్తయ్యా. పొద్దున నేను పిండి పెట్టినవి పట్టారా?”

“పట్టకేం! గిన్నె ఖాళీ చేసి, స్పూను కూడా మింగబోయాడు నీ సుపుత్రుడు.”

బిడ్డ ఆవురావురుమంటూ రొమ్ము అందుకున్నాడు.

ఈ అరగంట ఊరికే రాలేదు. పనిలోకి తిరిగొచ్చిన రోజే సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు.

“రోజుకి రెండుసార్లు వెళ్ళిరా. నలభై కట్టలకి ఒక్కటి తగ్గినా మాత్రం ఆ వెళ్ళడాలు బంద్.”

బంద్ అయితే డబ్బా పాలే గతి.

ఒక్కో కాలర్ల కట్ట కుట్టగానే దానికున్న చీటీ చింపి, మిషనుకు వేలాడే తన సంచిలో వేసుకోవాలి. సాయంత్రం చెకింగ్ అక్క ఆ చీటీలు లెక్కబెట్టి గోడ మీది బోర్డులో ఎవరి గడిలో వాళ్ళ లెక్క రాస్తుంది.

ఆమె గడిలో రోజూ నలభై. నత్త గడిలో ముప్ఫై అయిదు.

“బిడ్డకి పాలిచ్చొచ్చే పిల్ల నలభై కుడుతుంటే నీకేం రోగమమ్మా?” సూపర్‌వైజర్ గదమాయించేవాడు.

“వయసైపోయింది సార్,” అని నత్త సూదిలోకి దారం ఎక్కించుకునేది.

తన చేతివేగం చూసి ఆమెకే ముచ్చటేసేది.

“పిన్నీ, రేపట్నించి నువ్వూ నాతోపాటు ఓ గంట బయటికి రా. కట్టలు పెరుగుతాయేమో!”

లైనంతా నవ్వింది. నత్త కూడా నవ్వింది.

“బాబు ఎంత బరువున్నాడే?”

“ఏడు కిలోలు!”

“చాల్లే, ఇంకేం కావాలి,” అని పనిలో పడింది.

ఆర్నెల్లు నిండాయి. తన పాలు తప్ప మరొకటి ఎరగకుండా బిడ్డ బూరెబుగ్గలతో తయారయ్యాడు. నడక మీద అలిగిన అత్తగారే ఇప్పుడు ఇరుగుపొరుగుకి చూపించి “మా కోడలి పాలే!” అంటోంది.

ఆమె లైనంతటికీ చాక్లెట్లు పంచింది. నత్త రెండు తీసుకుంది.

మర్నాడు నత్త మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

ఆ సాయంత్రం ఆమె బోర్డులో తన గడి రెండుసార్లు చూసుకుంది. ముప్ఫై మూడు.

“అక్కా, లెక్క తప్పినట్టుంది.”

“ఇవాళే సరిగ్గా ఉందే పిల్లా. తప్పింది ఈ మూడు నెలలూ.”

“అంటే?”

“నువ్వు లేచి వెళ్ళగానే నత్త తన చీటీలు నీ సంచిలో వేసేది. రోజుకి ఏడు.”



“నాకు చెప్పలేదేం?”

“చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తెలిస్తే మొహమాటపడి లేవడం మానేస్తావట.”

“మరి ఇవాళ రాలేదేం?”

“లెక్క తక్కువని పోయిన నెలే మానెయ్యమన్నారు. కాళ్ళావేళ్ళా పడి ఇంకో నెల ఉంది.”

“ఎందుకక్కా?”

“మీ వాడికి ఆర్నెల్లు నిండాలిగా.”

ఆమె గబగబా గేటు దాకా వెళ్ళింది. రోడ్డు మీద అటూ ఇటూ చూసింది. ఇల్లెక్కడో ఏనాడూ అడగలేదు.

వెనకే వచ్చిన చెకింగ్ అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“రోజుకి నలభై రెండు కుట్టేదే ఆవిడ, ఈ లైన్లో ఎవరికీ అందని లెక్క,” అంది తల ఎత్తుకుని. “పనిలోకి తిరిగొచ్చిన ప్రతి బాలింత పక్క మిషనూ అడిగి మరీ తీసుకుంది, నీతో కలిపి అయిదుగురం, అందులో మొదటిదాన్ని నేను.”