హిల్కా సర్వర్‌లో దొంగ

"ఎస్కో! ఏమయ్యా, సైటు మళ్ళీ మొరాయిస్తోంది!"

హిల్కా కేక రెండు గదులు దాటి వచ్చింది. ఎస్కో ఉలిక్కిపడి కాఫీ అంతా ప్యాంటు మీద ఒలకబోసుకున్నాడు.

ఆవిడ సరస్సుల ఒడ్డున చెక్క ఇళ్ళు అద్దెకిస్తుంది. బుకింగులన్నీ వెబ్‌సైట్లోనే. జూన్‌లో నడివేసవి పండగ యుహాన్నుస్ వచ్చిందంటే ఫిన్లాండ్ ఫిన్లాండంతా ఊళ్ళు ఖాళీ చేసి సరస్సుల మీద పడుతుంది. ఆవిడ ఏడాది సంపాదనలో సగం ఆ వారానిదే. సర్వర్ బాగోగులు చూడటం ఎస్కో ఉద్యోగం.

"పండగ ముంగిట్లో పెట్టుకుని సైటు ఇలా నత్తనడక నడిస్తే నీ ఉద్యోగం నీకుండదు, నా కంపెనీ నాకుండదు."

ఎస్కో వెళ్ళి తెర ముందు కూలబడ్డాడు.

ప్రాసెసర్ ఊపిరాడక రొప్పుతోంది. చూస్తే సైటులో పట్టుమని పదిమంది లేరు. మరి ఎవరి కోసం ఈ చాకిరీ?

వచ్చిపోయేవాళ్ళ జాడలు నమోదయ్యే లాగ్ తెరిచాడు. ఎవడో ఒకడు రోజూ ఒకే చిరునామా నుంచి, అత్తారింటికొచ్చిన అల్లుడిలా దర్జాగా లోపలికి వస్తున్నాడు.

"దొంగ దొరికాడండీ! మన మిషన్లో కూర్చుని, దాంతో లెక్కలు చేయించి బిట్‌కాయిన్లు తవ్వుకుంటున్నాడు."

"మన కరెంటుతోనా?"

"మన కరెంటుతోనే."

"ఓరి వాడి దుంప తెగ! ఎన్నాళ్ళ నుంచి?"

ఎస్కో నసిగాడు. "నాలుగేళ్ళు. ఈమధ్య కాస్త ఆశ ఎక్కువైనట్టుంది."

"నాలుగేళ్ళా! నువ్వేం గాడిదలు కాస్తున్నావయ్యా?"

"అలా అంటారేంటండీ! ఈ నాలుగేళ్ళలో సైటు ఒక్కరోజైనా ఆగిందా? అంతా నా చలవే కదా."

అదీ నిజమే అనిపించింది హిల్కాకి.

ఆ మధ్యాహ్నమే ఎస్కో దొంగ ఖాతా పీకేశాడు. పాస్‌వర్డులన్నీ మార్చేశాడు. సైటు లేడిపిల్లలా పరుగందుకుంది. హిల్కా సంతోషం పట్టలేక దాల్చినచెక్క బన్నులు తెప్పించింది.

"పాపం, ఇంకా తలుపు కొడుతూనే ఉన్నాడండీ" అన్నాడు ఎస్కో, లాగ్ చూస్తూ, నోటినిండా బన్నుతో.

"కొట్టుకోనీ. సిగ్గులేని జన్మ!"

పండగ వారం రానే వచ్చింది. సోమవారం పొద్దున సైటు తెరుచుకోలేదు.

డిస్క్‌లో ఆవగింజ పెట్టే చోటు లేదు. పనికిరాని ఫైళ్ళు గుట్టలుగా పడున్నాయి. ఎవరూ పూడ్చని కన్నాల్లోంచి కొత్త దొంగలు దూరి బుకింగులన్నీ తుడిచిపెట్టేశారు.

హిల్కా నెత్తి పట్టుకుంది. "ఏ ఇల్లు ఎవరికిచ్చామో ఎలా తెలుస్తుందయ్యా? ఒకే ఇంటికి రెండు కుటుంబాలు దిగితే? పక్కింటివాడు పలకరిస్తేనే బెదిరిపోతాం మనం. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఒకే సౌనా ఆవిరిగదిలో కూర్చోమంటే కోర్టుకెక్కుతారు!"

"బ్యాకప్ నకలు ఉందిగా. అది దానంతటదే అవుతుంది" అన్నాడు ఎస్కో ధీమాగా.

వెతికాడు. ధీమా కాస్తా దిగిపోయింది.

"దొంగని గెంటడానికి ముందురోజుదే ఆఖరుదండీ. అంతకుముందువి మాత్రం ఒక్కటీ తప్పలేదు. కిందటి జులైలో కూడా ఉన్నాయి."

"జులైలోనా?" హిల్కా కళ్ళు చిట్లించింది. "జులై అంతా ఆఫీసుకి తాళమేసి, ఫోన్లు కట్టేసి, నువ్వు నీ సరస్సులో, నేను నా సరస్సులో పడుంటాం కదయ్యా. మరి చేసిందెవరు?"

ఎస్కో మెల్లగా తెరని ఆవిడ వైపు తిప్పాడు.

నాలుగేళ్ళుగా తన తవ్వకం ఆగకుండా చెత్త ఊడ్చి, కన్నాలు పూడ్చి, బుకింగులన్నీ భద్రంగా దాచి, జులైలో కూడా సెలవు పెట్టకుండా ఆ కంపెనీలో ఒళ్ళు వంచి పనిచేసిన ఒకే ఒక్కడు, వాళ్ళు మెడపట్టి గెంటిన ఆ దొంగే.