రెండు గాలీల మనిషి

మార్గళి నెల చలిలో రోజుకు ఐదు గాలీల, అంటే ఐదు పళ్ళేల సీసపు అక్షరాలు పేర్చిన తిరువేంగడం, నడివేసవి కత్తిరి ఎండలు మొదలయ్యేసరికి రెండుకు దిగాడు.

"ఏమయ్యా, చేతులు పడిపోయినాయా?" అడిగాడు భాష్యం.

"ఎండ కదా సామీ. ఒళ్ళు సాగడం లేదు."

"నీకొక్కడికేనా ఎండ? ఇరవై ఏండ్లుగా ఈడనే ఉండాను. నాకు చలీ ఎండా ఒకటే."

వాషర్‌మెన్‌పేటలోని ఆ అచ్చాపీసుకు భాష్యం ప్రూఫ్‌రీడరు. బడి పుస్తకాల ప్రూఫు మీద ఆయన సంతకం పడిందంటే ఇక తప్పు దొరకదని పేరు. ఆయన ఉద్యోగం, పరువు రెండూ ఆ పేరు మీదే నిలబడ్డాయి.

మరి తక్కిన మూడు గాలీల పని ఏమైపోతున్నట్టు? నిరుడూ ఇదే వరస. పైగా ఏ ఊరివాడో తెలీదు, నలుగురితో కలవడు. మనుషులు డీలా పడే రోజుల్లో కూడా అనుమానం మాత్రం చురుగ్గానే పనిచేస్తుంది.

మధ్యాహ్నం అందరూ తువ్వాళ్ళు పరచుకుని కునుకు తీస్తుంటే, తిరువేంగడం ఒక్కడే మిషను గదిలోకి పోవడం భాష్యం కంటబడింది. వెనకే వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాడు.

మిషనెక్కడానికి సిద్ధంగా బిగించిన పేజీలను తిరువేంగడం వదులు చేశాడు. చిమటాతో ఒక అక్షరం పీకాడు. తర్వాత ఇంకొకటి. పీకినవన్నీ గుప్పిట్లో వేసుకున్నాడు.

"దొరికినావురా! సీసం దొంగ!"

ఆ కేకకు అందరూ లేచి వచ్చారు.

"నేను సంతకం పెట్టినంక దాంట్లో చెయ్యి పెట్టేదానికి నువ్వెవడివిరా?"

తిరువేంగడం చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. భాష్యాన్ని చూశాడు. గుప్పిట్లోని అక్షరాలను బల్ల మీద పెట్టాడు.

సాయంత్రానికి అతన్ని పంపేశారు. భాష్యానికి కడుపు చల్లబడింది.

బళ్ళు తెరిచిన వారానికే పంకజం టీచరు మూడో తరగతి వాచకంతో వచ్చింది.

"మొదటి పాఠంలోనే ఆరు తప్పులండీ. పిల్లోళ్ళకు ఏం చెప్పేది?"

"నిరుడు ఒక్కటీ లేదే!" అన్నాడు యజమాని రంగనాథం.

"అంతా ఆ దొంగ చేసిన పని. ఉండండి, చూపిస్తా" అంటూ భాష్యం తాను సంతకం చేసిన ప్రూఫులు తెచ్చి విప్పాడు.

ఆరు తప్పులూ అందులోనే ఉన్నాయి. కింద తన సంతకం.

భాష్యం అటక మీది కట్టలు దించాడు. మార్గళిలో చూసిన ప్రూఫులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నిరుటి వేసవివి విప్పితే పేజీకి మూడు, నాలుగు తప్పులు, అన్నీ తన కళ్ళు దాటిపోయినవే. ఒకచోట కునుకుపాటుకు కలం జారి మార్జిను దాకా గీత పడింది.

నిరుడు అచ్చయిన పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆ తప్పుల్లో ఒక్కటి కూడా అందులో లేదు.

"తిరువేంగడం యాడుంటాడో ఎవరికన్నా తెలుసునా?"

ఎవరికీ తెలీదు.

సిగ్గుతో ముఖం కాలిపోతుండగా భాష్యానికి అర్థమైంది: నిరుడు వేసవంతా ఆ అచ్చాపీసుకు ప్రూఫ్‌రీడరు తిరువేంగడమే.