రాయని వయసు

"పుట్టిన తేదీ రాయలేదు మదామ్. వయసు గడి కూడా ఖాళీగా ఉంది," అన్నాడు రోషా, దరఖాస్తును బల్ల మీద ఆవిడ వైపు జరుపుతూ.

"ఆ రెండూ వదిలెయ్ బాబూ. మిగతావన్నీ రాశాగా," అంది పెర్లా షైన్‌మన్.

జెనీవాలోని ఆ పాత పత్రాల భవనంలో రోషాది ముప్పై ఏళ్ళ కొలువు. యుద్ధకాలంలో సరిహద్దు కంచె దాటివచ్చిన యూదుల్లో ఎవరిని రానిచ్చారో, ఎవరిని వెనక్కి తోలేశారో చెప్పే ఫైళ్ళన్నీ అతని చేతికిందే ఉన్నాయి. ఎక్కడైనా ఒక గడి ఖాళీగా కనిపిస్తే అతనికి ఆ పూట ముద్ద దిగదు.

"వయసు దాచే ఆడవాళ్ళని చాలామందిని చూశాన్లెండి. ఇక్కడ మనిద్దరమేగా, చెవిలో చెప్పండి," అన్నాడు నవ్వుతూ.

"నా మొగుడు పుట్టినరోజెప్పుడని అడిగి అడిగి పోయాడు. ఆయనకే చెప్పనిదాన్ని నీకు చెబుతానా? కావాలంటే నా ఫైల్లో ఉంటుంది, చూసుకో."

ఇక లాభం లేదనుకుని రోషా లోపలికెళ్ళి ఫైలు తెచ్చాడు. రెండే రెండు కాగితాలు. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

"నా కళ్ళకి పొరలొచ్చాయి. నువ్వే చదువు. నాక్కావలసింది ఒక్క ముక్క. అప్పట్లో ఆరేళ్ళలోపు పిల్ల ఉన్న కుటుంబాన్నే రానిచ్చేవాళ్ళు కదా? మా అమ్మ నాకు అయిదేళ్ళని చెప్పింది. జవాను నమ్మాడు. గేటు కూడా తీశాడు. అంతలో నాకు ఆరు నిండాయన్న సంగతి బయటపడింది. ఎవరు చెప్పారు? అది కావాలి."

"మీ అమ్మానాన్నలు..."

"మూడోరోజే సరిహద్దు అవతల దొరికిపోయారు. చావు శిబిరానికి పోయే రైలెక్కించారు. ఒక పాలావిడ తన పశువుల పాకలో దాచబట్టి నేను మిగిలాను."

"మీకెవరి మీదైనా అనుమానమా?" అని అడిగాడు రోషా.

"జిల్బెర్ అని ఒక దర్జీ. మా వెనకే పాలుతాగే పిల్లతో వచ్చాడు. వాళ్ళని రానిచ్చారు. వాడే చెప్పాడని మా పిన్ని చచ్చేదాకా ఊరంతా దుమ్మెత్తిపోసింది. ఆ పాలుతాగే పిల్లా ఇప్పుడు ముసలిదైంది. ఏటా మా యూదుల కొత్త సంవత్సరానికి నాకు తేనె కేకు చేసి పంపుతుంది. నేను కట్టు విప్పకుండా తిప్పి పంపుతాను. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. 'మా నాన్న ఆ పని చేశాడో లేదో కాగితం చూసి చెప్పక్కా, తెలుసుకుని పోతాను,' అని కబురు పెట్టింది."

రోషా కళ్ళజోడు సర్దుకుని ఫైలు విప్పాడు. సరిహద్దు జవాను గుండ్రటి చేతిరాత. ఒక్క అక్షరం చెరిగిపోలేదు. చెరిగిపోయినా బాగుండేది.

'పిల్లకు అయిదేళ్ళని తల్లి చెప్పినది. ముద్దుగా ఉన్నదని పిల్లను పలకరించగా, అయిదు కాదు, నిన్ననే ఆరు నిండాయి, అని పిల్ల సంతోషముగా చెప్పినది. ముగ్గురినీ వెనక్కి పంపడమైనది.'

రోషా దాన్ని మనసులోనే చదువుకున్నాడు. ఆ ముక్క చదివితే ఈ ముసలి ప్రాణం ఇక్కడే కూలిపోతుంది. జిల్బెర్ అని ఒక్కమాట అంటే తేలిగ్గా ఇంటికి వెళ్ళిపోతుంది, కానీ అక్కడ ఆసుపత్రిలో ఇంకొక ప్రాణం ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్ళలో అతను ఏ కాగితంలోనూ ఒక్క కామా మార్చి చదివినవాడు కాడు.

"ఎవరూ చెప్పలేదు మదామ్," అన్నాడు. "మీ నాన్నగారి జేబులో మీ జనన పత్రం దొరికిందట. అందులో తేదీ చూశారు. జిల్బెర్ ఊసే లేదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆ పత్రాన్ని మా అమ్మ అంతకుముందు రోజే నా కళ్ళెదుట పొయ్యిలో వేసింది బాబూ."

రోషా ఫైలు మూయబోయాడు.

"మంచివాడివి," అందావిడ. "మా పిన్ని కూడా నీలాంటిదే. జరిగింది నేను చెబితే, నింద నా మీద పడకూడదని తీసుకెళ్ళి జిల్బెర్ నెత్తిన పెట్టింది. నేనూ నోరు మూసుకున్నాను. ఇక ఆ కేకు ఏ మొహం పెట్టుకుని తినను? చిన్నపిల్లనే కదా, నాకే తప్పుగా గుర్తుందేమో, కాగితంలో నిజంగా ఆయన పేరే ఉంటుందేమో అని ఇన్నేళ్ళూ ఒక పాడు ఆశ. అదీ పోయింది. ఆ కాగితం నకలు ఒకటి తీసియ్యి. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"ఆరేళ్ళ పసిపిల్లకి ఏం తెలుస్తుంది మదామ్?" అన్నాడు రోషా. కళ్ళు తుడుచుకుని, నకలు ఇవ్వాలంటే దరఖాస్తు పూర్తవ్వాలి కాబట్టి, తనే పెన్సిలు తీసుకుని ఖాళీ గడిలో రాయబోయాడు.

ఆవిడ గబుక్కున ఆ గడి మీద అరచెయ్యి పెట్టేసింది.

"వద్దు బాబూ. ఎవరడిగినా వయసు చెప్పకే తల్లీ, అని అమ్మ దారి పొడుగునా చెప్పింది. ఆ ఒక్కరోజే వినలేదు. అప్పట్నుంచీ వింటూనే ఉన్నాను."