తాటిపల్లి వారబ్బాయి

"పోయినోళ్ల పేర్లు ఇప్పుడెందుకు మామా? నాకు అసొంటివాటి మీద ఇంట్రెస్ట్ లేదు," అన్నాడు సాయినాథ్ నాలుగోసారి.

"నీకు లేకుంటె నాకుంది," అన్నాడు రామస్వామి.

మన్సూరాబాద్‌లోని ఆ ఇంట్లో పెళ్ళి మాటలన్నీ అయిపోయాయి. లగ్నపత్రిక ఒక్కటే మిగిలింది. పంతులు మూడు తరాల పేర్లు అడిగాడు. తండ్రి లింగస్వామి అనీ, ఆయన పోయాడనీ, ఆ పైవాళ్ళు తెలియదనీ చెప్పి ఊరుకున్నాడు సాయినాథ్. ఊరుకోనిచ్చే మనిషా రామస్వామి? ఇంటిపేరు దగ్గర చిన్న అనుమానం వచ్చిందని, కూతురు స్వప్నకు అంతకుముందు కుదిరిన సంబంధాన్ని తాంబూలాలయ్యాక వెనక్కి పంపిన ఘనుడు.

"మన కులపోళ్ల వంశాలు చెప్పే ముసలాయనకు ఫోన్ చేసిన. నల్గొండ దిక్కు మన ఇండ్లన్నీ ఆయన నోట్లెనె ఉంటయి. ఎల్బీనగర్‌ల బస్సు దిగిండట. ఒస్తున్నడు."

సాయినాథ్‌కు చెమటలు పట్టాయి. పట్టవూ మరి? తాటిపల్లి అన్న ఇంటిపేరు అతనిది కాదు. ఆ కులమూ కాదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో కూచుని, ఎదురుగా ఉన్న ఏదో బోర్డు చూసి తనూ స్వప్నా కలిసి ఎంచుకున్న పేరది. వంటింటి గుమ్మంలో స్వప్న మొహం పాలిపోయింది.

"ఆఫీసు పని..." అంటూ లేవబోయాడు.

"ఆదివారం ఏం ఆఫీసయ్యా? కూసో!" రామస్వామి భుజం పట్టుకుని కూచోబెట్టాడు.

ముసలాయన రానే వచ్చాడు. పేరు జానయ్య. భుజాన సంచి, చేతిలో చిన్న గంట. చెప్పులు గేటు బయటే విడిచి, గుమ్మం పక్కన నేల మీద కూచున్నాడు. కుర్చీలో కూచోమని ఎవరూ అనలేదు. వంశాలు చెప్పేవాళ్ళను అలా అనే అలవాటు ఆ ఇంట్లో లేదు.

ఆయన్ని చూడగానే సాయినాథ్ తల దించేసుకున్నాడు.

"గీ పిలగాడేనా?" జానయ్య చాలాసేపు చూశాడు. "జర బక్కగున్నడు. తిండి సరిగ తింటలేడా?"

"తిండి సంగతి మేం చూసుకుంటంలే," రామస్వామి నవ్వాడు. "తాటిపల్లోళ్లంట. తండ్రి లింగస్వామి. మనోళ్లల్ల ఉన్నరా అసొంటోళ్లు? నువ్వు లేరంటె ఈ సంబంధం ఇయ్యాల్నే ఖతం."

లేరు అన్న ఒక్క మాట చాలు, స్వప్న ఇక దక్కదు.

గంట మోగింది. జానయ్య కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. మూసీ దాటి వచ్చిన మూలపురుషుడు, కరువులో గరిసె తెరిచి ఊరందరికీ జొన్నలు పోసిన ముత్తాత, ఏడుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడైన తాత. ఎక్కడా తడుముకోలేదు. చివరికి లింగస్వామి దగ్గరికొచ్చి ఆగాడు.

"నేనెరిగిన మనిషే. కొడుకంటె పానం ఇడుస్తుండె." గొంతు సవరించుకున్నాడు. "పోయి ఆరేండ్లాయె."

రామస్వామి పొంగిపోయాడు. "గింత పెద్ద ఖాందాన్ పెట్టుకొని ఇంట్రెస్ట్ లేదంటవేందయ్యా!"

ఆయన భార్య అండాలమ్మ బియ్యం, కొత్త పంచె తెచ్చి సంచిలో వేసింది. జానయ్య అందరికీ దండం పెట్టాడు. సాయినాథ్‌కూ పెట్టాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో గేటు దాటి పోతున్న కన్నతండ్రిని "బువ్వ తిన్నవా నాయినా" అని కూడా అడగలేక, సాయినాథ్ అల్లుడి మర్యాదల మధ్య అలాగే కూచుండిపోయాడు.