వారంబిల్లా టీపాట్

“ఇందులో నీళ్లున్నాయి!”

నిచ్చెన చివర నుంచి గ్లెన్ పాస్కో పెట్టిన కేకకి, కింద సాసేజ్‌లు కాలుస్తున్నవాళ్లంతా తలెత్తి చూశారు.

“టీపాట్‌లో నీళ్లుండక బీరుంటుందా, నాయనా? దిగు, పడతావు,” అంది నోలీన్. ఆవిడ ఆ ఊరి సంఘానికి పెద్ద.

గ్లెన్ పర్యాటక శాఖ ఆఫీసరు. రోడ్డున పోయే కార్లు ఆగి నాలుగు ఫొటోలు తీసుకునేలా, ఊరూరా ఒక పెద్ద బొమ్మ కట్టుకోవడానికి డబ్బిచ్చే శాఖ అది. పక్క ఊరు పెద్ద గొర్రెను కట్టుకుంది. ఆ పక్క ఊరు పెద్ద పుచ్చకాయను కట్టుకుంది. ఈ ఊరు, వారంబిల్లా, రెండంతస్తుల ఎత్తున టీపాట్ కట్టుకుంది. ఇంకాసేపట్లో మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించాలి. ముందుగా వెళ్లి ఒకసారి చూసి రమ్మని గ్లెన్‌ను పంపారు. చూసి ఊరుకోక మూత తియ్యడం దేనికో!

కిందికి దిగి, టీపాట్ అడుగు నుంచి మట్టిలోకి వెళ్లిన పైపును బూటుతో తట్టాడు గ్లెన్.

“ఇదెక్కడికి పోతోంది?”

“ఊళ్లోకి.”

“ఊళ్లోకంటే?”

“ఇళ్లలోకి, నాయనా. కుళాయిల్లోకి.”

“అయితే ఇది టీపాట్ కాదు, వాటర్ ట్యాంకు!”

“పిడి ఉంది, మూతుంది, ముక్కుంది. మీ ఇంట్లో ట్యాంకుకి ముక్కుంటుందా?”

జనం నవ్వారు. గ్లెన్ నవ్వలేదు. “మేడమ్, బొమ్మకిచ్చిన డబ్బుతో ట్యాంకు కట్టారని తెలిస్తే రేపు ఆడిట్‌లో నా పీకకి చుట్టుకుంటుంది. మంత్రిగారు వచ్చేలోగా నీళ్లన్నీ వదిలెయ్యండి. ఆ పైపు పీకెయ్యండి.”

నవ్వులు ఆగిపోయాయి. వాన మొహం చూసి ఏళ్లు గడిచిన ఊరది. లారీ ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. ఒకరు స్నానం చేసిన తొట్టెలోనే ఇంటిల్లిపాదీ వరసగా దిగేవాళ్లు. సన్నగా ఊరే బోరు నుంచి వారమంతా కొంచెం కొంచెంగా తోడి, నిన్ననే టీపాట్ నింపారు. ఇవాళ పొద్దున్నే మొదటిసారి ఎవరి నీళ్లలో వాళ్లు స్నానం చేశారు.

“ముందు నన్ను నరికి, తర్వాత ఆ పైపు వాల్వు మీద చెయ్యెయ్యి,” అంటూ పబ్బు యజమాని వాలీ సాసేజ్ పటకారుతో ముందుకొచ్చాడు.

నోలీన్ అతన్ని పక్కకి నెట్టింది. “ట్యాంకు కట్టించండి బాబూ అని నీటి శాఖకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా? ఒకటి నొక్కు, రెండు నొక్కు, ఆ తర్వాత లైన్లో పియానో. ఆ పియానో వింటూ నేనల్లిన ఉన్ని టోపీలే ఊరంతా పెట్టుకు తిరుగుతోంది. అదే మిమ్మల్ని బొమ్మ అడిగితే, అడిగిందే ఆలస్యం, ఇచ్చేశారు! తాగడానికి నీళ్లడిగితే డబ్బు లేదట, ఫొటోలకి టీపాట్ అడిగితే ఉందట. ఇందులో మా తప్పేంటో చెప్పు!”

“నన్నేం చెయ్యమంటారు? నాకేమన్నా సరదానా?”

“నీళ్ల సంగతి తేల్చాల్సింది నీటి శాఖ. వాళ్లు పారబొయ్యమంటే నా చేత్తో నేనే వాల్వు తిప్పుతాను. చెయ్యి ఫోన్.”

“అంతేగా?” అన్నాడు గ్లెన్ ధీమాగా. ఎంతైనా ఆఫీసరు. తన సొంత ఫోన్ తీసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి నంబరు నొక్కాడు. ఒకటి నొక్కాడు. రెండు నొక్కాడు. పియానో మొదలైంది.

“నాకిష్టమైన చోటు ఇప్పుడొస్తుంది,” అంది నోలీన్.

వాలీ వెళ్లి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. గ్లెన్‌కి ఎవరో కుర్చీ వేశారు. ఇంకెవరో రొట్టెలో సాసేజ్, వేయించిన ఉల్లిపాయలు పెట్టిచ్చారు. అది అయ్యాక ఇంకొకటి పెట్టారు. పియానో మోగుతూనే ఉంది. నోలీన్ కప్పు టీ తెచ్చి చేతికిచ్చింది.

ఒక గుక్క తాగి, గ్లెన్ కప్పులోకి చూశాడు. “ఇది... ఆ నీళ్లేనా?”

“మరి? ఎలా ఉంది?”

“బాగుందండీ,” అన్నాడు గ్లెన్ చిన్నగా. నిజంగానే బాగుంది.

ఉన్నట్టుండి పియానో ఆగింది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది.

“నీటి శాఖ. చెప్పండి,” అంది ఒకావిడ.

గ్లెన్ లేచి నిలబడి, తనెవరో చెప్పడం మరిచి గబగబా సంగతంతా చెప్పాడు.

“టీపాటా?”

“టీపాటేనండీ. రెండంతస్తులు.”

“బొమ్మలతో మాకు సంబంధం లేదండీ. అది పర్యాటక శాఖ వాళ్లది. వాళ్ల ఆఫీసరు తేల్చి చెప్పేదాకా అందులో చుక్క నీళ్లు కూడా కదపడానికి వీల్లేదు.”

“అమ్మా, నేను చెప్పేదేంటంటే...”

“ఆ ఏరియా ఆఫీసరు నంబరు నా దగ్గరుంది. ఆయన్నే అడిగి తేలుస్తాను. లైన్లో ఉండండి.”

మళ్లీ పియానో. అంతలోనే గ్లెన్ కోటు జేబులో ఆఫీసు ఫోన్ మోగింది.

అందరూ ఆ జేబు వైపే చూశారు. దూరంగా మంత్రిగారి కార్లు లేపిన ఎర్ర దుమ్ము కనపడుతోంది. పారబొయ్యమంటే ఈ ఊరి ఉసురు తగులుతుంది. ఉంచమంటే ఆడిట్ వాళ్లు పీక నొక్కుతారు. గ్లెన్ వాల్వు వైపు చూశాడు, నోలీన్ వైపు చూశాడు, చేతిలో ఉన్న టీ వైపు చూశాడు. ఆఖరికి కప్పు కింద పెట్టి ఫోన్ ఎత్తాడు.

“పర్యాటక శాఖ ఆఫీసరు గారాండీ?” అంది ఆవిడే.

గ్లెన్ గొంతు సవరించుకున్నాడు.

“సారు లేరమ్మా. లాంగ్ లీవులో ఉన్నారు. ఎప్పుడొస్తారో చెప్పలేం.”