రెండోసారి పిలవాలి

"ఆ టై కట్టుకున్నాయన్ని చూశారా అత్తయ్యా? నాకు పోటీ ఆయనే అయ్యుంటాడు," అంది కోడలు గొంతు తగ్గించి.

హాలు చివరి బెంచీ మీద ఒకాయన నల్లటి తోలుసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బయట మంచు ఇంకా విడలేదు. కిటికీల్లోంచి వచ్చే వెలుతురు నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగుతోంది. గుమ్మాలకున్న తెల్ల పరదాలు ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతున్నాయి. నిద్రలోనే లేచివచ్చి ఇక్కడ కూర్చున్నట్టుంది కోడలికి.

"టై చూసి హడలిపోతే ఎలా? ఆ ముడి చూడు, మెడకి ఉరేసుకున్నట్టుంది," అంది అత్తగారు. "ఆసుపత్రిలో ఇలాంటి మెడలు బోలెడు చూశాను."

నిరుటి దాకా ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రికి అడ్మినిస్ట్రేటరు. అది మూతపడింది. అప్పట్నుంచీ వంటింట్లో గిన్నెల్ని వార్డుల వారీగా సర్దుతోందని కొడుకు వేళాకోళం చేస్తాడు.

విశ్వవిద్యాలయంలో ఆరోగ్య పరిపాలన చెప్పడానికి ఒకే ఒక్క పోస్టు పడింది. డాక్టరేటైనా ఉండాలి, ఆసుపత్రి నడిపిన అనుభవమైనా ఉండాలన్నారు. కోడలికి డాక్టరేటుంది. ఏళ్ళ తరబడి ఈ కాలేజీలో ఒక గంట, ఆ కాలేజీలో ఒక గంట పాఠం చెబుతూ సగం బతుకు బస్సుల్లోనే వెళ్ళదీసింది. వచ్చే నెల నుంచి ఆ గంటలూ ఉండవన్నారు. ఇది దక్కకపోతే ఇక ఇంటిపట్టున కూర్చోవడమే. నలుగురికీ చెప్పి నవ్వులపాలు కావడమెందుకని, దరఖాస్తు పెట్టిన సంగతి ఇంట్లో కూడా అననే లేదు. పిలుపొచ్చాకే చెప్పింది.

అప్పుడు అత్తగారు మంచి చీర ఒకటి ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఎక్కడా? ఏ పోస్టూ?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. తర్వాత ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "పాలు పొంగుతున్నట్టున్నాయి," అంటూ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలేమీ లేవు. కాసేపటికి వచ్చి ఆ చీర మడతపెట్టి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది కట్టుకెళ్ళు. ఇంట్లో కూర్చునేదాన్ని, నాకెందుకు?"

ఇప్పుడు కోడలి ఒంటి మీదున్నది ఆ చీరే.

"పిలిచింది ఇద్దర్నేనట. అనుభవంలో ఆ రెండో మనిషి కాలిగోటికి కూడా నేను చాలనట అత్తయ్యా. ఫోన్ చేసిన గుమాస్తా అన్నాడు."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అదంతా వదిలెయ్. ఇంటర్వ్యూలో పాఠం దేని గురించి చెబుతున్నావ్?"

"ఓపీ దగ్గర రోగుల ఎదురుచూపు గురించి."

"సరే. పేరు పిలిచారు, మనిషి లేవలేదు. ఏం చేస్తావ్?"

"తర్వాతి పేరు పిలుస్తాను."

"ఏడిసినట్టుంది." అత్తగారు ఆమె కొంగు సర్దింది. "లేవనివాళ్ళంతా వెళ్ళిపోయినవాళ్ళు కాదమ్మాయ్. చెవుడుండొచ్చు, భయముండొచ్చు. పక్కవాళ్ళ అవస్థ చూడలేక, తమ వంతు వదిలేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్ళూ ఉంటారు. రెండోసారి పిలవాలి. పిలుస్తూ మొహాలు చూడాలి."

అని లేచి, ఎదురుగా తలుపు తీసి ఉన్న ఖాళీ తరగతి గదిలోకి వెళ్ళింది. నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్క ఒకటి వేళ్ళ మధ్య తిప్పింది. ఏమీ రాయకుండానే దాన్ని తీసినచోట పెట్టేసి వచ్చింది.

"బోర్డు నున్నగా ఉంది. నీ చేతికి బాగుంటుంది," అని కోడలి ముంగురులు వెనక్కి తోసింది. నుదుటి మీద కాస్త సుద్దపొడి అంటింది.

అటెండరు వచ్చి కోడల్ని లోపలికి పిలిచాడు.

లోపల బల్ల వెనక ఎంపిక చేసే పెద్దమేడం, ఆవిడకి చెరోపక్కా ఒక ప్రొఫెసరు. ప్రొజెక్టరు వెలగలేదు. "ఆ మెకానిక్‌ని రమ్మను," అంది పెద్దమేడం. టై కట్టుకున్నాయన లోపలికొచ్చి, తోలుసంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటే సగం భయం దిగిపోయింది. ఆ తర్వాత మాటలు ఎవరో చెవిలో చెబుతుంటే తను పైకి అంటున్నట్టు వాటంతటవే వచ్చాయి. హాలు, బెంచీలు, ఎదురుచూసే మొహాలు, రెండో పిలుపు.

"ఓపీలో అంత తీరిక ఎక్కడమ్మా?" అన్నాడొక ప్రొఫెసరు.

"మొహం చూడ్డానికి తీరిక అక్కర్లేదండీ. తలెత్తితే చాలు."

పెద్దమేడం కళ్ళజోడు తీసి ఆమెకేసి చూసింది. "బాగా చెప్పావమ్మా. కానీ రెండో అభ్యర్థిని కూడా చూడాలి కదా," అని అటెండరుని బయటికి పంపింది.

కోడలు బోర్డు తుడవసాగింది. అంతలోనే అటెండరు తిరిగొచ్చాడు.

"ఎవరూ లేవలేదు మేడం. ఈవిడగారి అత్తగారట, ఆవిడొక్కరే ఉన్నారు. అడిగితే, 'వెళ్ళిపోయినట్టున్నారు బాబూ' అన్నారు."

"అయితే రానట్టే లెక్క," అన్నాడు ప్రొఫెసరు.

పెద్దమేడం నవ్వింది. "ఇప్పుడే కదండీ పాఠం విన్నాం. వెళ్ళి రెండోసారి పిలువు. మొహాలు చూస్తూ పిలువు."

ఎవరూ లేవకుండా ఉంటే బాగుండునని లోలోపలే దణ్ణం పెట్టుకుంది కోడలు. అటెండరు తలుపులు రెండూ బార్లా తీశాడు. తెల్లటి వెలుతురు నిండిన హాల్లో అత్తగారు ఒక్కతే, కిటికీ వైపు తిరిగి మంచుకేసి చూస్తూ కూర్చుని ఉంది.

అటెండరు గొంతెత్తి పిలిచాడు.

అది అత్తగారి పేరు.